ఆఖరి రొట్టె

వృద్ధాశ్రమం గేటు దగ్గర ఆగిన అమ్మాయిని చూడగానే హబీబ్‌కు ప్రాణం లేచొచ్చింది. చుర్రుమనే ఎండలో గొడుగు కూడా లేకుండా వచ్చింది, పాపం. భుజాన సంచి, చేతిలో టిఫిన్ క్యారియర్. అచ్చం వంటమనిషిలాగే ఉంది.

"రామ్మా, రా. నీకోసమే చూస్తాండా," అన్నాడు గేటు బార్లా తీసి.

ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. "నాకోసమా? నేనొస్తానని ఎవురు చెప్పినారు?"

"శెట్టిగారు మనిషిని పంపిస్తానన్నారు లే. బిరీన రా. ముందు పని చూడు, తర్వాత జీతం మాట్లాడుకుందాం. జొన్న రొట్టె తట్టను వస్తుంది గదా?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. పెదవి చివర ఒక నవ్వు తొంగిచూసి మాయమైంది. హబీబ్ ఆ నవ్వును గమనించి ఉంటే అక్కడే జాగ్రత్తపడేవాడు. కానీ మన మేనేజర్‌కు ఆ పూట రొట్టె తప్ప లోకంలో ఇంకేదీ కనబడటం లేదు.

"ప్రయత్నం చేస్తా," అంది.

వంటింట్లో పిండి చూపించాడు, పెనం చూపించాడు, పొయ్యి వెలిగించి పెట్టాడు. ఆమె జొన్నపిండిలో చన్నీళ్లు పోసింది. వేడినీళ్లు పోయకపోతే జొన్నపిండి అతుక్కోదని తెలియని వంటమనిషిని హబీబ్ అదే మొదటిసారి చూడటం. ఆమె తట్టిన రొట్టె పీట మీదే మూడు ముక్కలైంది. ఆ ముక్కల్నే ఏరి పెనం మీద వేసింది. పొగ లేచింది.

"నిన్ను రొట్టెలకు పంపించినోళ్లెవురమ్మా!" అన్నాడు హబీబ్ దగ్గుతూ.

కిటికీ అవతల ఎవరో పకపకా నవ్వారు. మరియమ్మ. ఆశ్రమంలో ఉన్న పెద్దవాళ్లలో నోరు ఎక్కువున్న మనిషి. "ఓరి హబీబూ! వకీలమ్మతో రొట్టెలు తట్టిస్తాండావేందిరా? ఆయమ్మను పిలిపించింది నేను. నీ మీద ఫిర్యాదు చెప్పేకి!"

హబీబ్ చేతిలోని అట్లకాడ కింద పడింది.

ఆ అమ్మాయి చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, నింపాదిగా అతని వైపు తిరిగింది. "నా పేరు ఆలియా. రొట్టె తట్టను రాదు. తగాదా తెంచను వస్తుంది. జీతం సంగతి మాట్లాడతానన్నారు గదా, నాకు జీతం వద్దు లెండి."

అది రెండు వేల నాలుగో సంవత్సరం. పెద్దవాళ్లకూ వాళ్లుండే ఆశ్రమాలకూ మధ్య మాట తేడా వస్తే, కోర్టు దాకా పోకుండా సర్దిచెప్పడానికి నంద్యాలలో కొందరు వకీళ్లు కలిసి ఒక కమిటీ పెట్టారు. ఆలియా వాళ్లలో ఒక సీనియర్ దగ్గర జూనియర్. ఊరు ఆళ్లగడ్డ. రోజూ పొద్దున బస్సులో నంద్యాలకొచ్చి, సాయంత్రం బస్సులో వెళ్లిపోతుంది. ఆ టిఫిన్ క్యారియర్ ఆమె మధ్యాహ్నం అన్నం.

నూనెపల్లెలోని 'చల్లనీడ'కు మాత్రం తగాదా అనేది కొత్త. చల్లనీడ అన్న పేరు వింటే చాలు, హబీబ్ ఛాతీ కాస్త ముందుకొస్తుంది. డిగ్రీ అయిపోగానే ధర్మకర్త శెట్టిగారు అతన్ని తెచ్చి మేనేజర్‌గా కూర్చోబెట్టారు. దుప్పటి మాసిందంటే ఊరుకోడు, మందు వేళ తప్పిందంటే ఊరుకోడు. "జిల్లాలో ఇట్లాంటి ఆశ్రమం ఇంకోటి చూపించండి," అని వచ్చినవాళ్లందరితో పందెం వేస్తాడు. ఎవరూ గెలవలేదు. నిజం చెప్పాలంటే, ఎవరూ వేయలేదు కూడా.

ఆ ఆశ్రమంలో సాయంత్రం రొట్టెలు లింగమ్మవి. కొలిమిగుండ్ల దగ్గరి పల్లెటూరి మనిషి. పిల్లల్లేరు, భర్త పోయాడు. తమ్ముని ఇంట్లో భారంగా ఉండలేక తనంతట తాను ఇక్కడికొచ్చింది. వచ్చిన మర్నాడే వంటింట్లో దూరి పీట లాక్కుంది. రంగనాయకమ్మ, మరియమ్మ తోడు కూర్చునేవాళ్లు. లింగమ్మ చెయ్యి పడితే రొట్టె పీట మీద తనంతట తాను తిరిగేది.

ఆమెకు ఒక పద్ధతి ఉంది. వాళ్ల అమ్మ నేర్పిన పద్ధతి. పెనం మీద నుంచి దిగిన మొదటి రొట్టె బయటినుంచి వచ్చినవాళ్లది. గేటు దగ్గర ఆటోవాడుంటే ఆటోవాడిది, పోస్ట్‌మ్యాన్ వస్తే పోస్ట్‌మ్యాన్‌ది. ఆఖరి రొట్టె మాత్రం ఇంటివాళ్లది. పళ్లెం అంచుకంటుకున్న పిండి గీరి తట్టేది కాబట్టి అది చిన్నగా, వంకరగా ఉంటుంది. పొయ్యి దగ్గర పనిచేసినవాళ్లు దాన్ని తుంచుకుని తినాలి. అందులో హబీబ్‌కూ ఎప్పుడూ ఒక ముక్క ఉండేది. ఎందుకిస్తోందని అతను ఏనాడూ ఆలోచించలేదు. ఇస్తే తిన్నాడు.

జూలైలో ఒకరోజు రంగనాయకమ్మ కొంగుకు నిప్పంటుకుంది. హబీబ్ వట్టి చేతులతో ఆర్పాడు. రంగనాయకమ్మకేమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి పెద్దవాళ్లెవరూ వంటింటి గడప తొక్కకూడదని రూలు పెట్టాడు. అంతే, లింగమ్మ సాయంత్రం పళ్లెం ముట్టడం మానేసింది. ఆమె వెనక మరియమ్మ, మరియమ్మ వెనక రంగనాయకమ్మ, వారం తిరిగేసరికి ఆశ్రమమంతా రాత్రి అన్నం మానేసి అరటిపండ్లతో పడుకుంటోంది.

రొట్టెలు లేవనే కదా ఈ అలక, రొట్టెలు చేసే మనిషిని పెడితే సరిపోతుందని హబీబ్ లెక్క. ఆ లెక్కలోనే వకీలుతో పిండి కలిపించాడు.

* * *

"నావి రెండు పద్ధతులు," అంది ఆలియా వరండాలో కుర్చీ వేసుకుని. ఎడమవైపు పెద్దవాళ్లు, కుడివైపు హబీబ్ ఒక్కడూ. "తగాదా తెగేదాకా ఇద్దరిలో ఎవురి ఉప్పూ తినను. టీ గూడా వద్దు. ఇంగ రెండోది. ముందు అవతలోళ్ల మాట మీరు చెప్పల్ల. వాళ్లు 'ఔ, అదే' అన్నాకనే మీ మాట."

"ఇదేం కోర్టు? నా మాట నేను చెప్పుకునేకి లేదా?" అన్నాడు హబీబ్.

"ఉంది. కానీ ముందు లింగమ్మవ్వ మాట."

హబీబ్ గొంతు సవరించుకున్నాడు. ఇదెంత పని! "లింగమ్మవ్వకు రొట్టెలు కావాల. సాయంత్రం అన్నం సయించదు."

ఆలియా లింగమ్మ వైపు చూసింది. లింగమ్మ తల అడ్డంగా ఊపింది. "కాదు."

"మెత్తటి రొట్టెలు కావాల!"

"కాదు."

"మరేంది? నా మీద కోపమా?"

"నీ మీద కోపమెందుకురా నాయనా," అంది లింగమ్మ. "వకీలమ్మా, వాని మాట నేను చెప్తా. వానికి భయం. ఆ పొద్దు రంగనాయకమ్మ కొంగంటుకుంటే వీని చేతులు బొబ్బలెక్కినాయ్. మా ముందర నవ్వినాడు గానీ, బావి కాడికి పోయి చేతులు నీళ్లలో పెట్టుకుని ఏడ్చినాడు. నొప్పికి గాదు. ఇంగో నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదా అని. మాలో ఎవురికన్నా ఏమన్నా అయితే వీడు బతకలేడు. అందుకే గడపకు అడ్డం పడుకున్నాడు. అంతేనా అబ్బీ?"

హబీబ్ తన అరచేతుల వైపు చూసుకున్నాడు. ఏడ్చినప్పుడు ఎవరూ చూడలేదనుకున్నాడు.

"ఔ, అదే," అన్నాడు.

ఆలియా కళ్లు అతని అరచేతుల మీద ఆగాయి. మచ్చలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పొద్దున పిండి పళ్లెం అందించినప్పుడు ఆమె వాటిని చూడలేదు. ఇప్పుడు చూసి, చూపు తిప్పుకోవడం కొంచెం మరిచిపోయింది. ఆ కొంచెం ఆలస్యాన్ని మరియమ్మ పట్టేసింది. రంగనాయకమ్మను మోచేత్తో పొడిచింది.

"లింగమ్మవ్వ గెలిచింది. మీరు ఇంగా బాకీ," అంది ఆలియా లేచి. "శుక్రవారం వస్తా. ఆలోచన చేయండి, హబీబ్ సాబ్."

శుక్రవారానికి నిజమైన వంటమనిషి దొరికింది. పొంగిన రొట్టెలు, చెనిక్కాయల కారం, వంకాయ కూర. హబీబ్ తానే వడ్డించాడు. "తినవ్వా. నువ్వు చేసినట్లే ఉండాయి."

"బాగుండాయి నాయనా. నువ్వు తిను," అని లింగమ్మ పళ్లెం పక్కకు జరిపింది.

అదే రోజు శెట్టిగారు ఫోన్ చేశారు. ఆయన కోపిష్టి కాదు, కానీ భయస్తుడు. ఆశ్రమంలో పెద్దవాళ్లు నిరాహారదీక్ష చేస్తున్నారని బజారులో ఎవరో అన్నారట. "ఈ ఆదివారం గాదు, వచ్చే ఆదివారం నేనొస్తా హబీబూ. ఆ లింగమ్మ పళ్లెం ముందర కూర్చుంటే సరి. లేదంటే తమ్ముని కొడుకును పిలిపించి ఆ సాయంత్రమే కొలిమిగుండ్ల బస్సెక్కించు. ఒక్కరి కోసం అందర్నీ పస్తు పెట్టలేను."

ఈ మాట లింగమ్మ చెవిన పడింది. మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగి, చీరలు మడత పెట్టుకుంది. తమ్ముని ఇంటికి మళ్లీ భారంగా పోవడం ఆమెకు చావుతో సమానమని హబీబ్‌కు తెలుసు. అయినా ఆమె నోటినుంచి 'ఉంటాను' అన్న మాట రాదనీ తెలుసు.

* * *

ఆ సాయంత్రం ఆలియా బయలుదేరేసరికి వాన అందుకుంది. నంద్యాల వాన చినుకులతో మొదలుపెట్టదు. ఒకేసారి బిందెలతో దిగబోస్తుంది.

హబీబ్ స్కూటర్ స్టార్ట్ చేశాడు. "ఎక్కండి, బస్టాండులో దింపుతా."

"వద్దు. మీ స్కూటరెక్కితే లింగమ్మవ్వ ఏమనుకుంటాది?"

"వాన వస్తాందనుకుంటాది."

ఆమె నవ్వాపుకుంది. "గొడుగుంటే ఇయ్యండి. ఎవురిది?"

"ఆశ్రమానిది."

"అయితే అదీ వద్దు."

కొంగు తలమీదుగా లాక్కుని నడక మొదలుపెట్టింది. హబీబ్ ఇంజను ఆపేశాడు. గొడుగు మూసి హ్యాండిల్‌కు తగిలించి, స్కూటర్ నెట్టుకుంటూ ఆమె పక్కన నడిచాడు. దారిలో టీ కొట్లలో తలదాచుకున్నవాళ్లంతా ఆ వింత చూశారు. గొడుగుంది, స్కూటరుంది, ఇద్దరు మనుషులు మాత్రం తడిసి ముద్దవుతూ నడుస్తున్నారు.

"మీరెందుకు తడుస్తాండారు?" అంది ఆలియా.

"నేనొక్కన్నే తడవకుండా నడిస్తే తీర్పు నాకు వ్యతిరేకంగా వస్తాది గదా."

ఈసారి ఆమె నవ్వు ఆగలేదు. ఆ నవ్వు వినడానికి ఆళ్లగడ్డ దాకా స్కూటర్ నెట్టమన్నా నెట్టేవాడు మన హబీబ్.

"ఆలియా గారూ, లింగమ్మవ్వ మాట మీకు తెల్సా?"

"తెల్సు. మొదటి దినమే తెల్సు."

"మరి చెప్పండి! ఆదివారం ఆమెను పంపించేస్తారు!"

"నేను చెప్తే మీరు రూలు మారుస్తారు. మీ అంతట మీకు తెలిస్తే మీరు మారతారు. నాకు రెండోదే కావాల." ఆమె గొంతులో వేళాకోళం లేదు. "నాకేం సంతోషమా? ఆ పెట్టె చూసినప్పటి నుంచి నాకూ మనసు మనసులో లేదు."

బస్టాండులో కండక్టర్ అరుస్తున్నాడు. "ఆళ్లగడ్డ! ఆళ్లగడ్డ! ఎక్కేదుంటే ఎక్కండి!"

హబీబ్ స్కూటర్‌కు స్టాండు వేశాడు. "ఇంగొక మాట ఉంది. తగాదాది గాదు. నాది."

ఆమె ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి ఆగింది. జడ చివర నుంచి నీళ్లు కారుతున్నాయి. "పద్ధతి తెల్సు గదా. ముందు నా మాట చెప్పండి."

"మీ మాట... ఈ మేనేజర్‌కు పొగరని."

"కాదు."

"తిక్కోడని."

"కొంచెం. కానీ అది గాదు." ఆమె ఒక్కసారి సూటిగా చూసింది. తర్వాత తల వంచుకుంది. "ఇప్పుడు చెప్పొద్దు లెండి. నేను నడిమధ్యన కూచున్నదాన్ని. ఎటు జరిగినా తప్పే. తగాదా తెగనీండి."

బస్సు కదిలింది. హబీబ్ గొడుగు తెరిచాడు. అప్పటికి వాన ఆగిపోయి చాలాసేపయిందని స్టాండులో ఎవరో చెప్పాల్సి వచ్చింది.

* * *

మర్నాడు మధ్యాహ్నం హబీబ్ వాళ్లమ్మను చూడటానికి నంద్యాల పాత ఊళ్లోని ఇంటికి వెళ్లాడు. ఆశ్రమంలో చేరినప్పటి నుంచి అతను అక్కడే గేటు పక్క గదిలో ఉంటాడు, ఇంటికి ఎప్పుడో గానీ రాడు. అమ్మ సంబరపడి ముందు గదిలో చాప వేసింది. పండుగలకు తీసే పింగాణీ పళ్లెం తీసింది. తిన్నాక పళ్లెం తీసుకుని లేవబోతే చెయ్యి పట్టి ఆపింది.

"నువ్వు కూచో నాయనా. నువ్వెందుకు కడగడం?"

హబీబ్‌కు ఎక్కడో కలుక్కుమంది. "ఏందమ్మా ఇది? నేనేమన్నా చుట్టాన్నా?"

అన్నాక నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు.

చేతిలో ఎంగిలి పళ్లెం ఉందన్న సంగతి కూడా మరిచి గుమ్మం దాటబోయాడు. అమ్మ ఆ పళ్లెం లాక్కుని, "ఏమైందిరా నీకు?" అని అరిచింది. అతను అప్పటికే స్కూటర్ మీదున్నాడు.

ఆలియా మళ్లీ వచ్చే సోమవారం దాకా ఆగే ఓపిక లేదు. నేరుగా సీనియర్ వకీలు ఆఫీసుకు పోయి ఆలియాను బతిమాలి తీసుకొచ్చాడు. అంటే, ఆమె నడుస్తుంటే పక్కన స్కూటర్ నెట్టుకొచ్చాడు. వరండాలో అందరూ చేరారు. లింగమ్మ తన ట్రంకు పెట్టె మీదే కూర్చుంది.

"అవ్వా, నీ మాట చెప్తా," అన్నాడు హబీబ్. "నీకు రొట్టె వద్దు. ఎంత మంచి రొట్టె పెట్టినా నీకొద్దు. ఎందుకంటే అది మొదటి రొట్టె. నేను మిమ్మల్నందర్నీ పీటలేసి కూచోబెట్టినా, పళ్లెం ముందర పెట్టినా, చెయ్యి కదపొద్దన్నా. దినమూ మొదటి రొట్టె పెట్టినా. ఇది మీ ఇల్లనుకుని మీరొస్తే, నేను మిమ్మల్ని చుట్టాల్ని చేసినా. నీకు ఆఖరి రొట్టె కావాలవ్వా."

లింగమ్మ కొంగు సర్దుకుంది. ఎన్నో ఏళ్లుగా ఎవరి ముందూ కన్నీళ్లు పెట్టుకోని మనిషి. ఆ రోజు కూడా పెట్టుకోకూడదని చాలా ప్రయత్నం చేసింది.

"ఔ, అదే," అంది. "చుట్టానికి ఎన్ని దినాలుంటాది నాయనా మర్యాద? ఇంటిమనిషినైతే సచ్చేదాకా ఉండొచ్చు."

హబీబ్ వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆలియా సంచిలో ఏదో వెతుకుతున్నట్లు తల వంచుకుంది. ఆమె వెతికింది రుమాలు అని తర్వాత తెలిసింది.

"ఇంగ ఇద్దరి మాటలూ ఇద్దరికీ తెల్సినాయ్," అంది ముక్కు తుడుచుకుని. "భయమూ నిజమే, పౌరుషమూ నిజమే. రెంటికీ సరిపడే పొయ్యి యాడ పెడదాం?"

మూడు గంటలసేపు వాదించుకున్నారు. గట్టిగా అరుచుకున్నారు కూడా. పొయ్యి వంటింట్లో కాదు, పెరట్లో రేకుల పందిరి కింద. గాలి ధారాళంగా ఉంటుంది. నేలమీద వంగక్కర్లేకుండా నడుమెత్తు అరుగు, కూర్చోవడానికి స్టూళ్లు. కొంగు వెనక్కి బిగించి, పైన మందపాటి గోనెబట్ట తడిపి కట్టుకోవాలి. పక్కన ఇసుక బకెట్టు. ఒక్కరే ఎప్పుడూ పొయ్యి ముట్టించకూడదు. ఈ చివరి షరతు పెట్టింది లింగమ్మే. గోనెబట్ట షరతు రంగనాయకమ్మది. 'కంటి చూపు తగ్గినోళ్లు పిండి కలపల్ల, నిప్పు కాడికి రాగూడదు' అన్నది మరియమ్మ, తన సంగతి తానే ఒప్పుకుంటూ.

"అరుగుకు బండ కావాల గదా," అన్నాడు హబీబ్.

"ఆళ్లగడ్డలో బండలకు కరువా?" అంది ఆలియా. "మా అబ్బా శిల్పులకు రాళ్లు తోలుతాడు. ఒక బండ తెప్పిస్తా. ఖరీదు మాత్రం ఇద్దరూ చెరిసగం."

* * *

తర్వాతి వారం ఆదివారం సాయంత్రం శెట్టిగారు తెల్లటి పంచెకట్టుతో వచ్చారు. ఆయన వెనకే లింగమ్మ తమ్ముని కొడుకు వచ్చి గేటు బయట నిలబడ్డాడు. పెరట్లో నల్లటి బండ పరిచిన కొత్త అరుగు, దాని మీద పెనం. బండ దింపి, ఎలా కుదిరిందో చూసిపోదామని ఆగిన దాదాపీర్ ఒక పక్క స్టూలు మీద ఉన్నాడు. ఆలియా వాళ్ల నాన్న. మాటలు తక్కువ, మీసం ఎక్కువ.

"ఇదంతా ఏంది హబీబూ?" అన్నారు శెట్టిగారు. "మల్లా ఏమన్నా అంటుకుంటే జవాబెవురు చెప్పేది?"

హబీబ్ నోరు తెరిచేలోపల లింగమ్మ అంది. "మేము. మా ఇంట్లో నిప్పుకు మేమే జవాబు. కూచో శెట్టీ."

ఆమె పీట లాక్కుంది. వేడినీళ్లు పోసి పిండి పిసికింది. రెండు చేతులూ ఆడాయి. ఆ తపతపా చప్పుడు ఆశ్రమంలో వినబడి నెలన్నర అయింది. మంచాల మీదున్నవాళ్లు కూడా లేచి కర్రలు పట్టుకుని వచ్చేశారు. గోనెబట్టలు కట్టుకుని, స్టూళ్ల మీద నిటారుగా కూర్చున్న ఆ ముగ్గురు ముసలమ్మలను చూసి హబీబ్‌కు ఎంత గర్వమేసిందంటే, జిల్లాలో ఇట్లాంటి ఆశ్రమం ఇంకోటి చూపించమని పందెం వేయాలనిపించింది. ఈసారి మేనేజర్ గొప్ప కాదు అది, వాళ్ల గొప్ప.

మొదటి రొట్టె దిగింది. లింగమ్మ దాన్ని రెండు చేసి, ఒక సగం శెట్టిగారికి, ఒక సగం దాదాపీర్‌కు ఇచ్చింది. శెట్టిగారు మాటలు మరిచి తిన్నారు. తిని చెయ్యి చాపారు.

"ఇంగోటి పెట్టు లింగమ్మా."

"మొదటిది అడగకుండానే వస్తాది. రెండోది కావాలంటే పని జెయ్యల్ల. ఆ బిందె ఇట్ల జరుపు."

శెట్టిగారు పంచె ఎగ్గట్టి, బిందె ఎత్తి, అరుగు పక్కన పెట్టారు. తర్వాత బొజ్జ కదిలేలా నవ్వారు. "ఒరే కొలిమిగుండ్లబ్బీ!" అని గేటు వైపు కేకేశారు. "మీ అత్తను తోలుకపోయేది లేదు. లోపలికొచ్చి రొట్టె తినిపో. ఆ ట్రంకు పెట్టె మంచం కిందికి తోసేయ్ హబీబూ."

మరియమ్మ ఈల వేసింది. ఆ వయసులో ఈల ఎలా వేసిందో ఎవరికీ తెలియదు.

"వకీలమ్మా! తగాదా తెగింది. ఇప్పుడన్నా మా ఉప్పు తిను," అని లింగమ్మ వేడి రొట్టె చాపింది.

ఆలియా రొట్టె వైపు చూసింది. ఒక అడుగు వెనక్కి వేసి, కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"నాకు ఇది వద్దవ్వా. ఆఖరిది కావాల."

పెనం మీద రొట్టె మాడుతోంది, ఎవరూ పట్టించుకోలేదు. "ఆఖరిది ఇంటోళ్లది గదమ్మా," అంది రంగనాయకమ్మ అమాయకంగా.

"తెల్సు," అంది ఆలియా.

దాదాపీర్ నమలడం ఆపేశాడు. లింగమ్మ అట్లకాడ హబీబ్ వైపు తిప్పింది. "ఏమప్పా మేనేజరూ. వకీలమ్మ మాట నువ్వు చెప్పు. తప్పు చెప్పినావంటే దీంతోనే."

ఈసారి హబీబ్ తడబడలేదు. "ఆలియా ఈ ఇంటికి ఇంగ చుట్టమై రాదంట. నడిమధ్యన కూచోదంట. నా పక్కన ఉంటుందంట. వాళ్ల అబ్బా ఒప్పుకుంటేనే."

"ఔ, అదే," అంది ఆలియా. సిగ్గుతో తల వంచుకుంటుందేమోనని అందరూ చూశారు. ఆమె తలెత్తుకునే చెప్పింది. "ఇంగ ఈయన మాట నేను చెప్పల్ల గదా. మొదటి దినం గేటు కాడ నన్ను చూడంగానే ఈయనకు ప్రాణం లేచొచ్చింది. వంటమనిషి దొరికిందని. వాన పడిన పొద్దు మళ్లా లేచొచ్చింది. అప్పుడు వంట కోసం గాదు."

"ఔ, అదే," అన్నాడు హబీబ్. పెరడంతా గొల్లున నవ్వింది.

దాదాపీర్ మిగిలిన ముక్క నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి, మీసం తుడుచుకున్నాడు. అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు.

"నా బిడ్డకు రొట్టె తట్టను రాదు. ముందే చెప్తాండా," అన్నాడు.

"తెల్సు మామూ. నేను నేర్చుకుంటా."

"మంచిది. శుక్రవారం నమాజైనాక మీ అమ్మను ఆళ్లగడ్డకు తోడుకొని రా." ఆయన కూతురి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. తాను తెచ్చిన బండ సరిగ్గా అమరిందన్న తృప్తి లాంటిది ఉంది.

లింగమ్మ పళ్లెం అంచు గీరింది. మిగిలిన పిండిని ఉండ చేసి, చిన్నగా, వంకరగా ఆఖరి రొట్టె తట్టింది. అది దిగాక తుంచడం మొదలుపెట్టింది. ఇప్పుడు పొయ్యి దగ్గరివాళ్లకు మాత్రమే కాదు, చల్లనీడలో ఉన్న అందరికీ. ఒక్కొక్కరికి గోరంత వచ్చింది. హబీబ్‌కూ గోరంతే. ఆలియా చెయ్యి చాపితే ఆమె అరచేతిలోనూ అంతే పెట్టింది.

ఆ ఇంట్లో ఆలియా తిన్న మొదటి ముద్ద అదే. ఎవరి కడుపూ నిండలేదు గానీ, ఆ పూట మళ్లీ పెట్టమని ఒక్కరూ అడగలేదు.